తన్ను తానమ్ముకొన్నవాడు

నారదస్మృతి దాసులను పదునైదు విధములుగ విభజించి, వారిలో ఎవ్వరికి ఏ తీరున విముక్తి కలుగునో వేర్వేరుగ నిర్ణయించినది. దొంగలు ఎత్తుకొనిపోయి అమ్మినవానిని, బలాత్కారమున దాసునిగ చేయబడినవానిని రాజు విడిపింపవలెను. అప్పునకై దాసుడైనవాడు వడ్డీతో కూడ అప్పు తీర్చినచో విముక్తుడగును. యజమాని ప్రాణమును ఆపదనుండి కాపాడిన దాసునికి దాస్యము తొలగుటయే కాక పుత్రభాగము కూడ లభించును. కాని స్వతంత్రుడై యుండియు తన్ను తానమ్ముకొన్నవాడు దాసులందరిలోను అధముడనియు, వానికి విముక్తి లేదనియు ఆ స్మృతికర్త నిష్కర్షగ పలికెను. విముక్తి నొందు దాసుని భుజముపైనున్న నీటికుండను యజమాని దింపి పగులగొట్టి, అక్షతలును పుష్పములును కలసిన జలమును వాని శిరస్సుపై చల్లి, ఇక నీవు దాసుడవు కావని ముమ్మారు చెప్పి పంపవలెనని అదే స్మృతి విధించినది. మనుష్యునకు స్వాతంత్ర్యమును మరల నొసంగుటకు ఇంత సుందరమైన విధిని కల్పించినవారే, ఆత్మవిక్రేత విషయమున మాత్రము ఆ కుండ పగులరాదని శాసించుట నాకు మిక్కిలి బాధ కలిగించు విషయము.

ఆ శాసనము తాళపత్రములతో నశింపలేదు. దొంగలెత్తుకొనిపోయిన బాలికను జూచి కన్నీరు పెట్టు సమాజమే, వీసాకు తానే రూకలు కట్టి, తానే విమానమెక్కి, దూరదేశమున జీతము లేక, చేత పాస్‌పోర్టు లేక, తిరిగిరాలేక అలమటించువానిని జూచి, ఎవరు పొమ్మన్నారు, తన యిష్టముతోనే పోయెను గదా యని పెదవి విరుచుచున్నది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణములను, వాని చుట్టునున్న పల్లెలను ఎరిగినవారికి ఈ మాట క్రొత్తది కాదు. ఇంటి ముంగిట ఏడ్చుచున్న భార్యతో బంధువులును, ఫిర్యాదు వ్రాసికొనవలసిన అధికారులును, ఒక్కొక్కప్పుడు ఆ మనుష్యుడును ఫోనులో తనతో తాననుకొనునట్లుగ ఈ మాటనే చెప్పుదురు. మానవ అక్రమ రవాణాను ఎదుర్కొనుటకై ఏకమైన కతోలిక కన్యస్త్రీల కృషినిగూర్చి వ్రాయబూనిన నేను మొదట ఈ మాటను పట్టుకొనుటకు కారణము, వారి కృషియంతయు ఈ మాటకు సమాధానముగనే నాకు కనబడుటయే.

ఈ నేలకు మనుష్యుని కట్టివేయు పద్ధతులు క్రొత్తవి కావు. నిజాము కాలమున భగేలా యను పేర అప్పుకు బదులుగ తండ్రియు, వాని తరువాత కొడుకును దొర పొలమున పని చేయుచుండిరి. వెట్టిచాకిరి సంగతి చెప్పనక్కరలేదు. దొర కూతురు కాపురమునకు పోవునప్పుడు పసుపుకుంకుమలతో పాటు ఆడబాపగ ఒక బీదపిల్లను వెంట పంపు ఆచారమును మన ముసలివారు కొందరు ఇంకను మరచిపోలేదు. 1978లో జగిత్యాల జైత్రయాత్రలో వేలకొలది కూలీలు నడచినది ఈ దాస్యమునకు ఎదురుగనే. 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టము అట్టి అప్పులను రద్దుచేసెను. ఇంత పోరాటముచేత విడివడిన చేతులే, గల్ఫు దేశముల చమురు సంపద పెరుగజొచ్చిన 1970 దశాబ్దినుండి, క్రొత్త అప్పుపత్రముపై వ్రేలిముద్ర వేయుటకు సిద్ధమైనవి. నీరు లేని బావులును, పంట నిలువని మెట్టయు ఒకవైపు త్రోయుచుండగా, సిరిసిల్లలో మరమగ్గముల, అనగా సాంచాల, బ్రతుకు మరియొకవైపు త్రోసెను. సేటు నూలిచ్చును, ఆసామి సాంచాలను నడిపించును, కార్మికుడు పన్నెండేసి గంటలు ఆ చప్పుడులో నిలుచును. గుడ్డకు గిరాకి తగ్గిననాడు ముగ్గురిలో మొదట పస్తుండువాడు కడపటివాడే. తొంభైల చివరి కాలమునుండి నేతకార్మికుల ఆత్మహత్యల వార్తలతో ఆ పట్టణపు పేరు పత్రికలకెక్కెను. చావనొల్లనివారు భీవండికో సూరతుకో పోయిరి. దానికిని తృప్తి లేనివారు దుబాయి దారి పట్టిరి. కోరుట్లలో బీడీలు చుట్టు స్త్రీల ఆదాయము మిత్తికే చాలదు. అసలు తీర్చుటకు మగవాడు సముద్రము దాటవలసినదే యని ఇంటింట తీర్మానమైపోయెను.

ఆ దాటుట యెట్లు జరుగునో కొంచెము వివరముగ చెప్పుట అవసరము. ఏలయన అన్యాయము ఆ వివరములలోనే దాగియున్నది. 1983 నాటి వలసల చట్టము ప్రకారము లైసెన్సు గల ఏజెంటు మాత్రమే మనుష్యులను పనికి పంపవలెను. వాడు తీసికొనదగిన రుసుము 30,000 రూపాయలు, దానిపై పన్ను. కాని పల్లెకు వచ్చువాడు లైసెన్సు గల ఏజెంటు కాడు; వాని మనుష్యుని మనుష్యుడు, తరచుగ మన కులమువాడే, మన చుట్టమే, తానును ఒకప్పుడు దుబాయిలో చెమటోడ్చినవాడే. వాడు అడుగునది లక్ష, లక్షన్నర. అది నూటికి రెండో మూడో రూపాయల నెలమిత్తికి పుట్టును. పొలము కాగితములో, భార్య పుస్తెలో హామీగ నిలుచును. కంపెనీ వీసాయని చెప్పి విజిటు వీసా చేతిలో పెట్టుట, ఆజాదు వీసాయని చెప్పి యజమాని లేని పత్రమును అమ్ముట సామాన్యములు. అక్కడ దిగిన తరువాత కఫీలు, అనగా అక్కడి యజమాని, పాస్‌పోర్టు తీసికొనును. చెప్పిన జీతమొకటి, ఇచ్చునదొకటి. కఫీలును విడిచి పారిపోయినచో మనవాడు ఖల్లివెల్లి యగును, అనగా చట్టము దృష్టిలో దొంగ యగును. స్త్రీల విషయము మరింత కఠినము. ముప్పది యేండ్లు నిండని స్త్రీ ఇంటిపనికై గల్ఫునకు పోరాదని మన ప్రభుత్వము నిషేధించినది, ఉద్దేశము మంచిదే, కాని ఇంట అప్పును కడుపున ఆకలియు నిషేధమును ఎరుగవు గనుక, ఆమె విజిటు వీసాపై పోవును, పోయినందున ఏ చట్టమునకును చెప్పుకొనలేని దగును. రక్షించుటకు వేసిన గోడయే ఆమెకు సాక్షి లేకుండ చేసెను. ఈ మధ్య దారి తూర్పునకు కూడ తిరిగినది. 2024లో సిరిసిల్ల ప్రాంతపు యువకుడొకడు ఉద్యోగమని నమ్మి కంబోడియాకు పోయి, సైబరు మోసములు చేయు చెరలో చిక్కి, దౌత్యకార్యాలయపు సాయమున బయటపడవలసి వచ్చెను. వానిది చదువుకొన్న చేయి. బంధము మాత్రము భగేలా నాటిదే.

ఇప్పుడు ప్రశ్న. వీరందరును సంతకము చేసినవారే. సంతకము చేసినవాడు తన్ను తాను అమ్ముకొన్నట్లేనా? అమ్ముకొన్నట్లే యైనచో ఆ అమ్మకము చెల్లునా?

మన కథలలో ఈ ప్రశ్న రెండు తావుల నిలిచి మనవైపు చూచుచున్నది. హరిశ్చంద్రుడు విశ్వామిత్రుని ఋణము తీర్చుటకై కాశీవీధిలో ఆలిని బిడ్డను అమ్మి, తుదకు తన్ను తానును అమ్ముకొన్నాడు. స్మృతి ప్రకారము ఆయనయు ఆత్మవిక్రేతయే. కాని తెలుగు పల్లెలలో రాత్రంతయు మేల్కొని ఆ నాటకమును జూచి ఏడ్చినవారిలో ఆయనను అధముడన్నవాడు ఒక్కడును లేడు. అప్పు పుట్టించినవాని పన్నాగమును జూచిరి, ఇచ్చిన మాటకు కట్టుబడినవాని నిజాయితీని జూచిరి. కోరుట్ల పల్లెలో మిత్తి తప్పకుండ కట్టవలెనని ఎడారిలో ఒంటెలు కాయుచున్నవాడు అంతకంటె వేరే పని ఏమి చేయుచున్నాడు? ఇక ద్రౌపది. తన్ను పందెమొడ్డినవాడు మొదట తన్నోడెనా, నన్నోడెనా యని ఆమె సభనడిగెను. తన్ను తాను కోల్పోయినవానికి మరియొకరిపై అధికారమెక్కడిది యని ఆ ప్రశ్నకు అర్థము. భీష్ముడు ధర్మము సూక్ష్మమని తప్పించుకొనెను. కౌరవ సోదరులలో వికర్ణుడొక్కడు లేచి నిలిచెను. ఆ తల్లి తన్ను విడిపించుటకు వెల యెంతయని అడుగలేదు. అసలు ఆ పందెమే చెల్లునా యని అడిగెను. ఈ రెండు ప్రశ్నలకు నడుమ భూమ్యాకాశముల దూరమున్నది. వెల అడిగినవాడు అమ్మకమును అంగీకరించినవాడే. చెల్లుబాటును అడిగినవాడు దాని మూలమును త్రవ్వుచున్నాడు.

క్రైస్తవ చరిత్రలోను ఈ రెండు మార్గములు కానవచ్చును. 1198లో త్రిత్వసభయు, 1218లో బార్సిలోనా నగరమున పీటర్ నొలాస్కో స్థాపించిన కరుణామాత సభయు, సముద్రపు దొంగలు చెరపట్టినవారిని ధనమిచ్చి విడిపించుటకై ఏర్పడినవి. కరుణామాత సభవారు మూడు వ్రతములకు తోడు నాలుగవది యొకటి పట్టిరి: ధనము చాలనిచో బందీకి బదులుగ తామే చెరలో నిలుతుమని. అంతటి త్యాగమునకు చేతులెత్తి నమస్కరింపవలెను. ఐనను వెల యిచ్చుట వెల యిచ్చుటయే. అదే శ్రీసభ తన మరియొక చేతితో చేసినదానిని దాచుట సత్యమునకు ద్రోహము. 1452లో ఐదవ నికొలాసు పోపు పోర్చుగీసు రాజునకు అన్యమతస్థులను శాశ్వత దాస్యమున పడవేయుటకు అనుమతి పత్రమిచ్చెను. 1838లో అమెరికాలోని యేసుసభ గురువులు తమ క్రిందనున్న 272 మంది నల్లజాతి దాసులను అమ్మిరి. రెండవ వాటికన్ మహాసభ 1965లో దాస్యమును, వేశ్యావృత్తిని, స్త్రీల యొక్కయు బాలల యొక్కయు అమ్మకమును సృష్టికర్తకు అవమానములుగ పేర్కొనువరకు, ఈ విషయమున శ్రీసభ వాక్కు ఎన్నో శతాబ్దములు తడబడినది. ఈనాటి కన్యస్త్రీల పనిలో ఆ పాత ఋణము తీర్చుకొను తపన కూడ కలదని నేను నమ్ముచున్నాను.

ద్రౌపది ప్రశ్నకు న్యాయస్థానము సమాధానమిచ్చిన ఘట్టమొకటి ఆ చరిత్రలోనే యున్నది. సూడానులోని దార్ఫూరు సీమలో 1869 ప్రాంతమున పుట్టిన ఒక బాలిక ఏడెనిమిదేండ్ల వయస్సున దొంగల పాలై, చేతులు మారి చేతులు మారి అమ్ముడుపోయి, తల్లిదండ్రులు పెట్టిన పేరును సైతము మరచిపోయెను. దొంగలు పెట్టిన బకీత యను పేరే ఆమెకు మిగిలినది. దేహమంతట కత్తిగాట్లలో ఉప్పునింపి తీర్చిన మచ్చలు చచ్చువరకు పోలేదు. ఇటలీ దేశపు ఉపకాన్సులొకడు ఆమెను కొని, 1885లో తన దేశమునకు తీసికొనిపోయెను. అచ్చట ఒక కుటుంబమున బిడ్డను ఆడించు దాదిగ నుండి, యజమానురాలు ప్రయాణములో నుండగా వెనీసు నగరపు కనోస్సా కన్యస్త్రీల మఠమున విడువబడెను. యజమానురాలు తిరిగివచ్చి రమ్మన్నప్పుడు ఆమె రానన్నది. మఠపు పెద్దలు ఆమె పక్షమున నిలిచిరి. వ్యవహారము న్యాయస్థానమున కెక్కెను. 1889 నవంబరు 29న వచ్చిన తీర్పులో ఆమెను విడిపింపుడని లేదు. ఇటలీ చట్టము దాస్యమును ఎన్నడును గుర్తింపలేదు గనుక ఆమె ఎన్నడును చట్టరీత్యా దాసి కాలేదని ఉన్నది. ఇవ్వవలసిన వెల లేదు, పగులవలసిన కుండ లేదు. అటుపిమ్మట ఆమె ఆ కన్యస్త్రీల సభలోనే చేరి, వంటపనియు ద్వారపాలనయు చేసి, 1947 ఫిబ్రవరి 8న కన్నుమూసెను. 2000లో పునీతురాలిగ ప్రకటింపబడెను. 2015నుండి ఆమె వర్ధంతి దినమునే మానవ అక్రమ రవాణాకు వ్యతిరేకముగ ప్రార్థనాదినముగ పాటించుచున్నారు.

కన్యస్త్రీలు ఏకమగుట ఆకస్మికముగ జరుగలేదు. కెన్యాలో చిరకాలము పనిచేసి వచ్చిన సిస్టర్ యూజేనియా బొనెట్టీ, 1993లో ఇటలీలోని తూరిను నగరమున, వీథిలో అమ్ముడుపోవుచున్న నైజీరియా స్త్రీ యొకతె రోగముతో తన యెదుట నిలిచి సాయమడిగిననాడు తన జీవితపు దిశ మారినదని చెప్పెను. అటనుండి ఆమె ప్రోద్బలమున ఇటలీలోని మఠముల తలుపులు అట్టి స్త్రీలకు ఒక్కొక్కటిగ తెరచుకొన్నవి. 2001లో రోమునందు సమావేశమైన స్త్రీ సభల ప్రధాన శ్రేష్ఠురాండ్రు ఈ అక్రమమును ఎదుర్కొందుమని ఉమ్మడిగ ప్రకటించిరి. 2009లో తలితా కుమ్ అను అంతర్జాతీయ సంబంధము నెలకొన్నది. నేడు అది తొంభైకి పైగా దేశములలో వ్యాపించినది. మన దేశమున దాని శాఖకు అమ్రాత్ అని పేరు. ఎందుకు కలసిరి? ఏజెంటు ఒక్కడు కాడు గనుక. పల్లెలో చుట్టము, హైదరాబాదులో టికెట్టు చేయించువాడు, ముంబయిలో విమానమెక్కించువాడు, అక్కడ దించుకొనువాడు. ఈ సాలెగూటిలో ఒక్క పోగును త్రెంచినంతమాత్రాన పురుగు బయటపడదు. ఒక సభవారి మఠము బయలుదేరు ఊరనుండును, మరియొక సభవారిది చేరు ఊరనుండును. రెండింటికిని నడుమ పరిచయము లేనిచో తప్పిపోయిన స్త్రీని వెదకువారు లేరు. శతాబ్దములుగ వస్త్రధారణలో, నియమములో, తమ తమ స్థాపకురాండ్రపై అభిమానములో వేర్వేరైన సభలు ఒక్క స్త్రీ ఆచూకీకై ఒకరికొకరు ఉత్తరములు వ్రాసికొనుట చిన్న విషయము కాదు.

తెలుగునాట ఈ పనికి సమీపముగ నున్నది గృహకార్మికుల ఉద్యమము. బెల్జియము దేశస్థురాలైన సిస్టర్ జీన్ దెవోస్ 1985లో ప్రారంభించిన జాతీయ గృహకార్మిక ఉద్యమమును హైదరాబాదు కేంద్రముగ తెలుగు రాష్ట్రములలో నడపినవారు సిస్టర్ లిస్సీ జోసెఫ్. జాతీయ కార్మిక సంక్షేమ ట్రస్టు అను సంస్థ ద్వారా గల్ఫులో చిక్కుపడిన ఇంటిపనివారి కుటుంబములను కలియుట, దరఖాస్తులు వ్రాయించుట, దౌత్యకార్యాలయములతో ఉత్తర ప్రత్యుత్తరములు జరుపుట, పోనున్నవారికి ముందుగ వీసా చదువుట నేర్పుట వీరి పని. కీర్తి తెచ్చు పని కాదిది. ఒక పాస్‌పోర్టు నంబరుకై, ఒక కఫీలు చిరునామాకై వారములు గడచిపోవును. తెలుగుదేశమున సేవచేయు కన్యస్త్రీలలో అనేకులు కేరళలో పుట్టి, మన భాష నేర్చుకొని, మన ఊళ్లలో ముసలివారైనవారు; తామును ఇల్లు విడిచి వచ్చినవారే గనుక, ఇల్లు విడిచినవారి దుఃఖము వారికి వేరుగ బోధింపనక్కరలేదు.

కాని ఇక్కడ ఆలోచింపదగిన లోతైన విషయమొకటి యున్నది. కన్యస్త్రీ కూడ తన్ను తాను ఒసగుకొన్నదే. దారిద్ర్యము, బ్రహ్మచర్యము, విధేయత యను మూడు వ్రతములు పట్టి, తన సంపాదనపై, తన సంతానముపై, తన ఇచ్ఛపై హక్కును విడిచి, పంపినచోటికి పోదునని మాట యిచ్చినది. పైకి చూచినచో ఆమె సంతకమునకును వలసకూలి సంతకమునకును భేదమేమి? తన స్వేచ్ఛను తానే విడిచినది పరుల స్వేచ్ఛకై ఏల పోరాడవలెను? ఈ ఆక్షేపణకు శ్రీసభ ధర్మశాస్త్రమే సమాధానము చెప్పుచున్నది. 1983 నాటి ఆ సంహితలో 656వ నియమము, బలాత్కారముచేత గాని, తీవ్రభయముచేత గాని, మోసముచేత గాని పలికింపబడిన వ్రతము వ్రతమే కాదని నిర్ణయించినది. అంతకు ముందు కనీసము ఒక సంవత్సరపు నవశిష్యత్వము, ఆ పిమ్మట కనీసము మూడేండ్ల తాత్కాలిక వ్రతము. ఈ కాలమంతయు తలుపు తెరచియే యుండును. అనగా ఒకతె అవును అన్నంతమాత్రాన ఆ అవునును నమ్మరాదనియు, దాని వెనుక అప్పున్నదా, భయమున్నదా, అబద్ధమున్నదా యని శోధింపవలెననియు మఠము తన విషయమున తాను నేర్చుకొన్నది. ఐక్యరాజ్యసమితి 2000లో చేసిన పలెర్మో ఒడంబడికయు, 2013లో అప్పటి మన శిక్షాస్మృతిలో మార్చిన 370వ సెక్షనును చెప్పినది కూడ ఇదియే: మోసము, బెదిరింపు, నిస్సహాయస్థితిని వాడుకొనుట జరిగినచోట బాధితుని సమ్మతి లెక్కకు రాదు. నారదుడు అడుగని ప్రశ్న ఇదియే. స్వతంత్రుడై యుండియు అని ఆయన యనెను. స్వతంత్రుడై యుండెనా యని ఎవ్వరును అడుగలేదు. పొలము తాకట్టులో నుండి, విజిటు వీసాను కంపెనీ వీసాయని చదివి వినిపింపబడినవాడు స్వతంత్రుడు కాడు. స్వతంత్రుడు కానివాడు ఆత్మవిక్రేత కానేరడు. తన అవును సంవత్సరముల తరబడి పరీక్షింపబడినది గనుకనే, కన్యస్త్రీ జగిత్యాల కూలి పలికిన అవునును పరీక్షించుటకు అర్హురాలగుచున్నది. ఇచ్చుకొనుటయు అమ్ముకొనుటయు బయటికి ఒక్కటిగ కనబడును. నడుమ తెరచిన తలుపే వానిని వేరుచేయును.

ఈ గీటురాయి శ్రీసభపై కూడ పడవలసినదే. 2018లో వాటికను దినపత్రికకు అనుబంధముగ వెలువడు స్త్రీల పత్రిక, కన్యస్త్రీలను గురువులయు మేత్రాణులయు ఇండ్లలో జీతము లేని వంటవారినిగ వాడుకొనుట జరుగుచున్నదని బహిరంగముగ వ్రాసినది. విధేయతను సేవకత్వముగ మార్చినవాడు, వాడు పీఠాధిపతియైనను, కఫీలుకు దూరపు చుట్టము కాడు. అట్లే మఠపు వంటశాలలో పనిచేయు ఊరి స్త్రీకి న్యాయమైన కూలి, వారపు సెలవు ముట్టుచున్నవా యని అడుగనిదే గల్ఫు గృహములనుగూర్చి మాటాడు హక్కు రాదు. మతము మార్చుటకే ఈ సేవ యని మన ప్రాంతమున కొందరు శంకింతురు. ఈ శంకకు నా సమాధానము కూడ ఈ గీటురాయియే. సాయమునకు విశ్వాసమును వెలగ అడిగినచో అదియు మరియొక క్రయవిక్రయమే, ఖండింపవలసినదే. అడుగనిచో శంకించువాడు ఆ స్త్రీ దుఃఖమునకు తానేమి చేసెనో చెప్పవలెను. విడిపించితిమని చెప్పి వయస్సు వచ్చిన స్త్రీని ఆమె యిష్టము లేకుండ ఆశ్రయగృహమున తాళము వేసి యుంచుట నేనెన్నడును అంగీకరింపజాలను. 2022లో మన సర్వోన్నత న్యాయస్థానము కూడ అట్టి నిర్బంధమును తప్పుపట్టినది. తాళము ఎవరి చేతిదైనను తాళమే.

ఈ ఉద్యమమునకు తలితా కుమ్ అను పేరు మార్కు సువార్తలోనిది. మృతురాలైన యాయీరు కుమార్తెను యేసు లేపినప్పుడు పలికిన మాట అది. ఆ కథలో అందరును ఆ లేపుటనే తలతురు. నాకు మాత్రము దాని తరువాతి వాక్యము ముఖ్యముగ తోచును: ఆ పండ్రెండేండ్ల బాలికకు తినుట కేదైన పెట్టుడని ఆయన ఆజ్ఞాపించెను. అద్భుతము జరిగినచోట కూడ అన్నము మాట మరువరాదు. శంషాబాదు విమానాశ్రయమున దిగినవానికి వార్తాపత్రికలో ఫొటో పడును. మరునాడు ఇంటికి వచ్చువాడు అప్పిచ్చినవాడు. లక్షన్నర అప్పు మిత్తితో మూడు లక్షలైనది. ఎడారిలో సంపాదించినది లేదు. పొలము ఇంకను తాకట్టులోనే. ఇది తీరనంతవరకు వాడు మరియొక ఏజెంటును వెదకును, ఈసారి ఇంకను దూరపు దేశమునకు. రక్షింపబడినవారు మరల మరల పోవుటకు కారణము తెలివితక్కువతనము కాదు, ఈ పత్రము.

ఇక్కడనే మన చట్టములో ఒక లోపము కనబడుచున్నది. 1976 చట్టము వెట్టికి కట్టివేసిన అప్పును మొత్తముగ రద్దుచేసెను. అప్పిచ్చినవాడే పని చేయించుకొన్నచోట అది వర్తించును. కాని కోరుట్లలో అప్పిచ్చువాడొకడు, కువైటులో పని చేయించుకొనువాడొకడు, వారిద్దరిని ఎరిగినవాడు ఏజెంటొకడే. కనుక ఈ అప్పు ఆ చట్టమునకు అందదు. అమ్మకము మోసమని న్యాయస్థానము తేల్చిన తరువాతకూడ ఆ అమ్మకమునకై చేసిన అప్పు నిక్షేపముగ నిలిచియుండును. సమ్మతి చెల్లదన్న చట్టము, ఆ సమ్మతికి పుట్టిన పత్రమును చెల్లునని ఏల యంగీకరించుచున్నది? మోసపు వీసాకై తెచ్చినదని రుజువైన అప్పు మిత్తిని వెంటనే నిలిపివేయవలెను. ఏజెంటునుండి రాబట్టిన ధనముతో అసలు తీర్పింపవలెను. అది చాలనిచో ప్రభుత్వము పూచీ వహింపవలెను. గల్ఫులో మరణించినవారి కుటుంబములకు 5 లక్షల రూపాయలు ఇత్తుమని తెలంగాణ ప్రభుత్వము ఈ మధ్య అంగీకరించినది. అది మంచి పనియే. ప్రాణముతో తిరిగివచ్చినవానికి కూడ అంతటి అక్కర యున్నదని గుర్తించుటకు వాడు చనిపోవువరకు ఆగనక్కరలేదు.